కొత్త సముద్రపు చేపకు నెల రోజులు వేరే తొట్టి కావాలి

సంపాదకులకు నమస్కారం.

వరంగల్, హన్మకొండ ఇళ్లలో సముద్రపు చేపల తొట్లు పెరుగుతున్నాయంటూ మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివాం. గాజు తొట్టికెంత అవుతుంది, లైట్లకెంత, ఉప్పుకెంత అన్న లెక్కలన్నీ చక్కగా ఇచ్చారు. కొత్తగా కొన్న చేపను అదే రోజు పెద్ద తొట్టిలో వదలకూడదన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఈ పెంపకంలో చేపలు మూకుమ్మడిగా చచ్చిపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఆ ఒక్క తొందరే. కథనం చూసి ఉత్సాహపడి దసరాకో సంక్రాంతికో తొట్టి పెట్టుకోబోయేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం కాస్త వివరంగా రాస్తున్నాం. నిడివి ఎక్కువైందనిపిస్తే రెండు రోజులుగా వేయండి గానీ, కొలతలు మాత్రం తీసేయొద్దని మనవి.

మనకు సముద్రం దగ్గర్లో లేదు. మన షాపుల్లో కనిపించే నీమో, డోరీ, డామ్సెల్, టాంగ్ చేపల్లో చాలావరకు ఎక్కడో పగడపు దిబ్బల దగ్గర పట్టుబడి, ఎగుమతిదారు తొట్టి, దిగుమతిదారు తొట్టి, చెన్నైలోనో ముంబైలోనో టోకు వ్యాపారి తొట్టి, చివరికి మన ఊరి షాపు తొట్టి, ఇన్ని నీళ్లు మారి వస్తాయి. ప్రతి చోటా వేరే సముద్రాల చేపలతో కలుస్తాయి. తిండి సరిగ్గా ఉండదు. సంచిలో రాత్రంతా ప్రయాణం. సముద్రంలో పరాన్నజీవులను తట్టుకుని బతికిన చేపకు ఈ తిప్పల్లో ఆ శక్తి పోతుంది. పైగా చాలా షాపుల్లో తొట్లు వరసగా వేరువేరుగా కనిపించినా నీళ్లు ఒకే సంప్ (కింద ఉండే ఫిల్టర్ తొట్టి) నుంచి తిరుగుతుంటాయి. కింది వరసలో ఒక చేపకున్న రోగం పై వరసకూ చేరుతుంది. కొందరు వ్యాపారులు ఆ నీళ్లలో ఎప్పుడూ కొద్దిగా రాగి మందు ఉంచుతారు. ఆ మోతాదు రోగాన్ని పోగొట్టదు, పైకి కనబడకుండా అణచి ఉంచుతుంది. అలాంటి చేప షాపులో నిగనిగలాడుతుంది. మందు లేని మన ఇంటి నీళ్లలోకి వచ్చిన వారం పది రోజులకు మచ్చలు తేలతాయి. అప్పుడు కొన్నవాళ్లు తమ నీళ్లలో లోపం వెతుక్కుంటారు.

మంచినీటి చేపల అనుభవంతో ఇటు వచ్చినవాళ్లు ముందుగా ఒక అలవాటు వదులుకోవాలి. గోల్డ్‌ఫిష్‌కు తెల్లమచ్చలొస్తే దొడ్డుప్పు వేసి, హీటర్ పెంచి, నీలం మందు చుక్కలు వేస్తాం, చాలాసార్లు తగ్గుతుంది. అక్కడ రోగకారకం ఇక్తియోఫ్తీరియస్ అనే జీవి. సముద్రపు చేపల తెల్లమచ్చకు కారణం క్రిప్టోకారియన్ ఇర్రిటాన్స్. మచ్చలు ఒకేలా కనిపించినా జీవి వేరు. ఉప్పునీళ్లలోనే పుట్టి పెరిగే దాన్ని ఉప్పు ఏం చేస్తుంది? హీటర్ పెంచితే దాని జీవితచక్రం ఇంకా జోరుగా తిరుగుతుంది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గి, అప్పటికే మొప్పలు దెబ్బతిన్న చేపకు ఊపిరాడదు.

ఈ జీవి చక్రం తెలిస్తే తక్కిన పద్ధతంతా దానంతటదే అర్థమవుతుంది. చేప చర్మం కిందా మొప్పల్లోనూ దూరి, తింటూ పెరిగే దశ మూడు నుంచి ఏడు రోజులు. మనకు కనిపించే తెల్లమచ్చ అదే. కడుపు నిండాక చేపను వదిలేసి, అడుగున ఇసుక మీదో రాయి మీదో గాజు మీదో అతుక్కుని చుట్టూ గట్టి పొర కట్టుకుంటుంది. ఆ పొర లోపల చీలి చీలి, ఒక్కో దాంట్లోంచి రెండు వందలకు పైగా ఈదే పిల్లజీవులు బయటికి రాగలవు. పొర మూడు రోజులకే పగలొచ్చు, నాలుగు వారాలకూ పగలొచ్చు. 72 రోజుల తర్వాత పగిలిన దాఖలా కూడా పరిశోధనల్లో ఉంది. బయటికొచ్చిన పిల్లజీవికి ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతుంది. రాగి మందు పనిచేసేది ఈ ఈదే దశ మీదే. చర్మం కింద ఉన్నదానికీ, పొరలో దాక్కున్నదానికీ అది తగలదు.

అందరూ మోసపోయేది ఇక్కడే. మచ్చలు కనిపించిన నాలుగైదు రోజులకు అవి మాయమవుతాయి. వెల్లుల్లి రసం పట్టించిన తిండి పెట్టినవాళ్లు వెల్లుల్లి గొప్పదనమంటారు. క్లీనర్ రొయ్యను కొని వేసినవాళ్లు రొయ్య ఏరి తినేసిందంటారు. షాపులో ఇచ్చిన సీసా మందు వేసినవాళ్లు ఆ సీసాను పదిమందికి సిఫారసు చేస్తారు. నిజానికి ఆ జీవులు చేపను వదిలి అడుగున పొరలు కట్టుకున్నాయి, అంతే. వారం పది రోజులకు రెండో విడత వస్తుంది. ఈసారి మచ్చలు లెక్కపెట్టలేనన్ని ఉంటాయి. సముద్రంలో ఈ పిల్లజీవుల్లో ఎక్కువ భాగం చేప దొరక్కే చస్తాయి. నాలుగడుగుల గాజు తొట్టిలో చేపకు తప్పించుకునే చోటే లేదు.

మరి పెద్ద తొట్టిలోనే మందు వేస్తే పోదా అని షాపుల్లో రోజూ అడుగుతుంటారు. పోదు. రాగి పడితే పగడాలు, నత్తలు, రొయ్యలు, పీతలు చచ్చిపోతాయి. లైవ్ రాక్ (చిన్న జీవులు పట్టి ఉండే సముద్రపు రాయి), సున్నపు ఇసుక రాగిని పీల్చుకుంటాయి. పొద్దున సరిపడా ఉన్న మోతాదు సాయంత్రానికి పడిపోతుంది. అలా పీల్చుకున్న రాయి మళ్లీ పగడాల తొట్టికి పనికొస్తుందన్న నమ్మకం ఉండదు. అల్ట్రావయొలెట్ లైటు తన గొట్టంలోంచి పోయిన జీవులను చంపుతుందే గానీ అడుగున పుట్టి పక్కనే ఉన్న చేపను పట్టుకున్న వాటిని ఏమీ చేయలేదు. కాబట్టి రోగాన్ని లోపలికి రానివ్వకపోవడం ఒక్కటే దారి. అందుకు కొత్త చేపను నెల రోజులు విడిగా ఉంచాలి. దానికి ఇసుక లేని, రాళ్లు లేని ఒక చిన్న క్వారంటైన్ తొట్టి చాలు.

తెల్లమచ్చతోనే అయిపోదు. అంతకన్నా ప్రమాదకరమైనది వెల్వెట్, అంటే అమైలోఓడినియం. ఇది ముందు మొప్పలను పడుతుంది. చేప వేగంగా మొప్పలాడిస్తూ, వెలుతురు తప్పించుకుంటూ, నీటి ప్రవాహానికి ఎదురుగా నిలబడి ఉంటుంది, తిండి మానేస్తుంది. పక్క నుంచి టార్చి కొడితే ఒంటి మీద సన్నని బంగారు రంగు పొడి కనిపించొచ్చు. చాలాసార్లు అది కనిపించక ముందే, రెండు మూడు రోజుల్లోనే చేప పోతుంది. నీమో చేపల్లో తరచుగా వచ్చే బ్రూక్లినెల్లాకు ఒంటి నిండా జిగురు పొరలు పొరలుగా ఊడుతుంది. దీనికి రాగి పనిచేయదు. ఇక చర్మం మీదా మొప్పల్లోనూ అంటుకునే చదునైన పురుగులు, ఫ్లూకులు, గాజులా పారదర్శకంగా ఉంటాయి కాబట్టి చేప ఒళ్లు గోకుకోవడం, ఒక పక్క మొప్ప మూసి ఉంచడం చూసే పోల్చుకోవాలి. క్యాలీఫ్లవర్ పువ్వులాంటి గడ్డలు రెక్కల అంచున కనిపిస్తే అది లింఫోసిస్టిస్ అనే వైరస్. దానికి మందు లేదు, మంచి తిండి, మంచి నీళ్లు ఉంటే చాలావరకు దానంతటదే తగ్గుతుంది. దాన్ని చూసి కంగారుపడి నానా మందులూ వేసి చేపను చంపుకోవద్దు.

తొట్టి సంగతికొద్దాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు గాజు తొట్టి ఏ షాపులోనైనా దొరుకుతుంది. నిండా అయితే 70 లీటర్లు పడుతుంది. మనం 60 లీటర్లే పోస్తాం. రెండంగుళాల చేపలు రెండు మూడింటికి ఇది సరిపోతుంది. అడుగున ఏమీ వేయొద్దు. దాక్కోవడానికి నీళ్ల పైపుల దుకాణంలో దొరికే రెండంగుళాల పీవీసీ ఎల్బోలు, టీలు నాలుగు వేయాలి. అతికించే గమ్ము వాడినవి వద్దు. దాక్కునే చోటు లేని చేప భయంతోనే తిండి మానేస్తుంది. ఒక స్పాంజి ఫిల్టర్, దానికి ఎయిర్ పంపు, ఇంకో ఎయిర్ స్టోన్, 100 వాట్ల హీటర్, థర్మామీటర్, అమ్మోనియా టెస్ట్ కిట్, నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటర్ కావాలి. పైన దోమతెర జాలి కచ్చితంగా కప్పాలి, కొత్త చేప రాత్రిపూట ఎగిరి నేల మీద పడుతుంది. ఒక మంచి టాంగ్ చేపకు పెట్టే డబ్బుతో పోలిస్తే ఈ సామానుకయ్యే ఖర్చు పెద్దదేం కాదు.

ఈ చిన్న తొట్టిలో చేపలను చంపేది రోగం కన్నా ఎక్కువగా చేప విసర్జించే అమ్మోనియానే. కొత్త స్పాంజిలో అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఉండదు. అందుకే చేప కొనడానికి కనీసం మూడు నాలుగు వారాల ముందే స్పాంజిని పెద్ద తొట్టి సంప్‌లో వేసి ఉంచాలి. చేప ఈ తొట్టిలోకి వచ్చే రోజు తీసి ఇందులో పెట్టాలి. ఒకసారి క్వారంటైన్‌లోకి వచ్చిన స్పాంజి తిరిగి సంప్‌లోకి పోకూడదు. మళ్లీ కావాలంటే ఉతికి, పూర్తిగా ఎండబెట్టి, కొత్తగా మొదలుపెట్టాలి. మొదటి రెండు వారాలు రోజూ అమ్మోనియా చూడాలి. 0.25 పీపీఎం (లీటరుకు పావు మిల్లీగ్రాము) దాటితే నాలుగో వంతు నీళ్లు మార్చాలి. తిండి కొద్దికొద్దిగా రోజుకు మూడు సార్లు వేసి, మిగిలింది పావుగంటలో గొట్టంతో లాగేయాలి.

నీళ్ల విషయంలో మన ఊళ్లో రెండు చిక్కులున్నాయి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బోరు నీళ్లలో గట్టిదనం, చాలాచోట్ల నైట్రేటు కూడా ఎక్కువ. ఆర్వో నీళ్లే వాడాలి. ఇంట్లో తాగే ఆర్వో మిషన్లలో రుచి కోసం కొంత మామూలు నీళ్లు కలిపే ఏర్పాటు ఉంటుంది; టీడీఎస్ మీటరు పెట్టి చూడండి. క్వారంటైన్‌కైతే 50 లోపు చాలు. ఉప్పు అంటే అక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పే. వంటింటి ఉప్పులో గానీ దొడ్డుప్పులో గానీ తగిన పాళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉండవు, పీహెచ్ నిలబెట్టే గుణం ఉండదు. లీటరుకు సుమారు 36 గ్రాముల లెక్కన 60 లీటర్లకు రెండు కిలోల రెండు వందల గ్రాములు పడుతుంది. వేరే డ్రమ్ములో పంపు పెట్టి ఒక రోజంతా తిప్పాకే వాడాలి. అప్పటికప్పుడు కలిపిన ఉప్పునీళ్లు చేప మొప్పలను మంటపెడతాయి.

ఈ తొట్టిని పెద్ద తొట్టి ఉన్న గదిలో పెట్టొద్దు. వెల్వెట్ ఈదే దశ గాల్లో తేలే నీటి తుంపర్ల ద్వారా మూడు మీటర్ల దాకా పోగలదని ప్రయోగాల్లో తేలింది. వేరే గది లేకపోతే కనీసం పదడుగుల దూరం ఉండాలి. వల, బకెట్, గొట్టం, తువ్వాలు అన్నీ దీనికి వేరే. ముందు పెద్ద తొట్టి పని ముగించుకుని తర్వాతే క్వారంటైన్‌లో చెయ్యి పెట్టాలి. చేతికి గాయముంటే గ్లవ్స్ వేసుకోండి. చేపల క్షయకు కారణమయ్యే మైకోబ్యాక్టీరియం మెరీనమ్ మనిషి చర్మానికీ సోకుతుంది, త్వరగా మానదు.

చేప ఇంటికొచ్చిన గంట చాలా కీలకం. సంచి మూతి విప్పి, సన్నని పైపుతో గంటా రెండు గంటలు చుక్కలు చుక్కలుగా నీళ్లు కలపమని చాలామంది చెబుతారు. అరగంట దూరంలోని షాపు నుంచి తెచ్చిన చేపకైతే పరవాలేదు. చెన్నై నుంచి రాత్రంతా ప్రయాణం చేసిన సంచికి అది ప్రమాదం. మూసిన సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోయి ఉంటుంది. తక్కువ పీహెచ్‌లో అమ్మోనియా చాలావరకు హాని లేని రూపంలో ఉంటుంది. మూతి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషంగా మారుతుంది. చేప ఆ విషంలోనే రెండు గంటలు ఉంటుంది. దీనికి మార్గం: షాపువాళ్లను వాళ్ల నీటి సాంద్రత (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) ముందే అడగాలి. చాలామంది 1.018 నుంచి 1.020 మధ్య ఉంచుతారు. మన క్వారంటైన్ నీళ్లను ముందు రోజే ఆ సాంద్రతకు తెచ్చి పెట్టాలి. సంచిని మూత విప్పకుండా పదిహేను ఇరవై నిమిషాలు నీళ్ల మీద తేల్చి, వేడి సమానమయ్యాక విప్పి, వెంటనే చేపను మాత్రమే తీసి వదలాలి. సంచి నీళ్లు ఒక్క చుక్క కూడా పోయొద్దు. తర్వాత రోజుకు 0.001 నుంచి 0.002 మించకుండా పెంచుకుంటూ 1.025కు తీసుకెళ్లాలి. సాంద్రత తగ్గడాన్ని చేప తట్టుకుంటుంది, ఒక్కసారిగా పెరగడాన్ని తట్టుకోదు. ఆ రోజు లైటు వేయకండి.

ఇక పద్ధతి. మన ఊరి పరిస్థితుల్లో, రాగి కొలిచే మంచి పరికరం అందరి దగ్గరా ఉండదు కాబట్టి, తెల్లమచ్చకు తొట్టి మార్చే పద్ధతే మేలని మా గట్టి అభిప్రాయం. ఇందులో మందే లేదు. జీవి చేపను వదిలాక పొర పగలడానికి కనీసం మూడు రోజులు పడుతుంది కదా, ఆ లోపే చేపను అక్కడి నుంచి తీసేస్తే పుట్టే పిల్లజీవులకు చేపే ఉండదు. 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులు రెండు చాలు. మొదటి రోజు చేప మొదటి టబ్బులో. నాలుగో రోజు రెండోదాంట్లోకి, ఏడో రోజు మళ్లీ మొదటిదాంట్లోకి, పదో రోజు రెండోదాంట్లోకి, పదమూడో రోజు అసలు క్వారంటైన్ తొట్టిలోకి. 72 గంటలు దాటకూడదు. ఒక్కసారి ఒక రోజు ఆలస్యం చేసినా లెక్క మళ్లీ మొదటి నుంచే. ప్రతిసారీ నీళ్లు పూర్తిగా కొత్తవి, హీటరు, ఎయిర్ స్టోను, పైపు ముక్కలు కూడా వేరేవి. వదిలేసిన టబ్బును సామానుతో సహా కడిగి, పూర్తిగా ఎండబెట్టాలి. ఆరడమే అసలు మందు. మన ఎండ దీనికి వరమే, మేడ మీద ఒక పూట చాలు. వానాకాలంలో మాత్రం ఆరిందో లేదో వేలు పెట్టి చూసుకోండి, మూలల్లో తడి ఉంటే పొర బతికే ఉంటుంది. బ్లీచింగ్ నీళ్లతో కడిగితే బాగా జాలించాలి. బ్లీచింగ్, వెనిగర్ రెండూ కలిపి ఎప్పుడూ వాడొద్దు, విషవాయువు వస్తుంది.

టబ్బులు నాలుగుసార్లు నింపడానికి 40 లీటర్ల చొప్పున 160, చివర క్వారంటైన్ తొట్టికి 60, కలిపి 220 లీటర్ల ఉప్పునీళ్లు, అంటే దాదాపు ఎనిమిది కిలోల ఉప్పు పడుతుంది. ఖర్చు ఇదే. మూడు రోజులకొకసారి నీళ్లు మారతాయి కాబట్టి టబ్బుల్లో బ్యాక్టీరియా పట్టిన స్పాంజి అక్కర్లేదు. రోజూ అమ్మోనియా చూసుకుంటూ, పెరిగితే అమ్మోనియా తగ్గించే ద్రావణం వేస్తే సరిపోతుంది. చేపను మార్చేటప్పుడు పాత నీళ్లు వీలైనంత తక్కువ పోవాలి. టాంగ్ తోక దగ్గర కత్తిలాంటి ముల్లు, ఏంజెల్ చేప చెంప దగ్గర ముల్లు వలకు చిక్కుకుంటాయి. వాటికి వల వద్దు, చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ డబ్బాతో తీయండి.

ఫ్లూకుల కోసం ఇదే సమయంలో ప్రాజిక్వాంటెల్ అనే మందు వేయొచ్చు. లీటరుకు 2.5 మిల్లీగ్రాములు, 40 లీటర్ల టబ్బుకు 100 మిల్లీగ్రాములు. నాలుగో రోజు ఒకసారి, పదో రోజు ఇంకోసారి. మందు పురుగును చంపుతుంది, గుడ్డును చంపదు. ఆరు రోజుల ఎడం అందుకే. అది నీళ్లలో సరిగ్గా కరగదు, మెత్తగా నూరి కొద్ది నీళ్లలో బాగా గిలకొట్టి వేయాలి. వేశాక నీళ్లు మసకబారి ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి గాలి రెట్టింపు చేయాలి. కుక్కలకిచ్చే నులిపురుగుల మాత్రల్లో దీనితో పాటు వేరే మందులు కలిసి ఉంటాయి, అవి వాడొద్దు. ఫ్లూకులున్నాయో లేదో చూడాలంటే మంచినీటి స్నానం ఉంది: ఆర్వో నీళ్లను తొట్టి వేడికి తెచ్చి, పీహెచ్ కొలుస్తూ కొద్దికొద్దిగా వంటసోడా వేసి 8.2 చేసి, గాలి ఆడించి, చేపను ఐదు నిమిషాలు అందులో ఉంచాలి. ఫ్లూకులు తెల్లబడి రాలిపోయి అడుగున కనిపిస్తాయి. చేప ఒక పక్కకు ఒరిగిపోయి లేవకపోతే వెంటనే తీసేయాలి.

తొట్టి మార్చే పద్ధతి వెల్వెట్‌కు పనిచేస్తుందని నమ్మకండి. దాని చక్రం ఇంతకన్నా వేగంగా తిరగగలదు. వెల్వెట్ అనుమానం కలిగితే రాగే గతి, అదీ కొలిచే పరికరం ఉంటేనే. కీలేటెడ్ రాగి మందైతే (రాగి నీళ్లలో నిలిచి ఉండేలా తయారుచేసిన రకం) 2 నుంచి 2.5 పీపీఎం దాకా, రెండు మూడు రోజుల్లో మెల్లగా పెంచి, రోజూ కొలిచి, 30 రోజులు తగ్గకుండా నిలపాలి. ఒక్క రోజు కిందికి పడితే తప్పించుకున్నవి మళ్లీ చేపను పడతాయి, లెక్క మళ్లీ మొదలు. నీళ్లు మార్చినప్పుడు కొత్త నీళ్లకు సరిపడా రాగి ముందే కలపాలి. రాగి ఉన్న నీళ్లలో అమ్మోనియా తగ్గించే ద్రావణాలు వేయొద్దు, కొన్ని రాగి మందులు వాటితో కలిసి చేపకు విషమవుతాయి. బొగ్గు ఫిల్టర్ రాగిని లాగేస్తుంది, అది తీసేయాలి. మాండరిన్, పఫర్ లాంటి చేపలు రాగిని బాగా తట్టుకోలేవు.

రాగి అనగానే ఎరువుల దుకాణం నుంచి మైలుతుత్తం తెచ్చి చిటికెడు వేసేవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. దయచేసి వద్దు. మైలుతుత్తంలో నాలుగో వంతు రాగి. ఈ రకం రాగికి చికిత్స మోతాదు 0.15 నుంచి 0.20 పీపీఎం మాత్రమే. 60 లీటర్లకు లెక్క వేస్తే 35 నుంచి 47 మిల్లీగ్రాముల మైలుతుత్తం చాలు. చిటికెడులో దానికి ఐదారు రెట్లకు పైగా ఉంటుంది. చేప మొప్పలు కాలి ఆ రాత్రే చస్తుంది, రోగం వల్లే పోయిందనుకుంటారు.

బ్రూక్లినెల్లాకు ఫార్మాలిన్ స్నానం. 37 శాతం ఫార్మాలిన్ 10 లీటర్ల ఉప్పునీళ్లకు ఒకటిన్నర మిల్లీలీటర్లు, సిరంజితో కొలిచి, గాలి గట్టిగా ఆడిస్తూ అరగంట నుంచి ముప్పావు గంట. చేప పక్కనే కూర్చుని చూడాలి. సీసా అడుగున తెల్లటి గడ్డ కట్టిన ఫార్మాలిన్ చేపకు ప్రాణాంతకం, పారేయాలి. ఇది క్యాన్సర్ కారకం. గ్లవ్స్ వేసుకుని, ఆరుబయట, పిల్లలు లేనప్పుడే తీయండి. ఎండ వేడికి నీళ్లు కాగిన వేళ చేయొద్దు, వేడిలో దాని విషం పెరుగుతుంది.

పదమూడో రోజు నుంచి ఇంకో పదిహేడు రోజులు ఊరికే చూడడమే పని. ఇదే అందరూ ఎగ్గొట్టే భాగం. రోజూ ఒకే వేళకు నిమిషానికి ఎన్నిసార్లు మొప్పలాడిస్తోందో లెక్కపెట్టి గోడ మీద కాగితంలో రాయండి. మచ్చ కన్నా ముందు ఈ అంకె మారుతుంది. సముద్రం నుంచి వచ్చిన చేపకు గుళికల తిండి తెలియదు. ముందు గడ్డకట్టించిన మైసిస్, బ్రైన్ ష్రింప్ (రెండూ రొయ్యల్లాంటి చిన్న జీవులే), సన్నగా తరిగిన పచ్చి రొయ్య పెట్టి, అందులో కొద్దిగా గుళికలు కలుపుతూ అలవాటు చేయాలి. పెద్ద తొట్టిలో పాత చేపల పోటీ మధ్య ఈ పాఠం నేర్వడం దానికి కుదరదు. మధ్యలో ఇంకో కొత్త చేపను ఈ తొట్టిలో వేస్తే పాతదానికీ ముప్పై రోజులు మళ్లీ మొదటి నుంచి.

ఏప్రిల్, మే నెలల్లో చేపలు కొనకపోతేనే మంచిది. బయట 43, 44 డిగ్రీలున్నప్పుడు చిన్న తొట్టి 32 దాటుతుంది. 26 డిగ్రీల దగ్గర సముద్రపు నీళ్లు లీటరుకు ఆరున్నర మిల్లీగ్రాముల ఆక్సిజనే పట్టుకోగలవు, అదే వేడిలో మంచినీళ్లు ఎనిమిది పట్టుకుంటాయి. 32కు వచ్చేసరికి ఉప్పునీళ్లలో ఆరే. తప్పనిసరైతే నీటి మీదికి చిన్న ఫ్యాను పెట్టండి, మన పొడిగాలికి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకు ఉప్పు కలపని ఆర్వో నీళ్లు రోజూ పోయాలి; ఉప్పు ఆవిరి కాదు, పోయకపోతే సాంద్రత పెరిగిపోతుంది. గాలిదుమారానికి కరెంటు పోయే కాలమిది, బ్యాటరీ ఎయిర్ పంపు సిద్ధంగా ఉండాలి. చలికాలంలో హీటర్ లేకుండా ఉంచితే రాత్రి వేడి పడి పగలు పెరిగి చేప నీరసిస్తుంది.

నత్తలు, రొయ్యలకు ఈ రోగాలు రావు గానీ, నత్త పెంకు మీద పొరలు అతుక్కుని రావచ్చు. వాటిని చేప లేని తొట్టిలో 76 రోజులు ఉంచి వేసుకోండి. పగడాలు, సముద్ర గుర్రాల సంగతి వేరు: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి అవి రక్షిత జీవుల జాబితాలో ఉన్నాయి. మన సముద్రంలో తీసిన పగడాన్ని ఎవరైనా చౌకగా ఇస్తానంటే కొనకండి.

ఇప్పటికే పెద్ద తొట్టిలో తెల్లమచ్చ పడిందా? చేపలన్నిటినీ తీసి పైన చెప్పిన చికిత్సకు పంపి, పెద్ద తొట్టిని చేప లేకుండా 76 రోజులు నడపాలి. ఒక్క చిన్న గోబీ చేప రాళ్లలో మిగిలినా ఫలితం ఉండదు. పగడాలు, నత్తలు, రొయ్యలు మామూలుగా బతుకుతాయి. వాటికి కొద్దిగా తిండి వేస్తూ ఉండాలి. వాడిన ఉప్పునీళ్లు మొక్కలకు పోయొద్దు, రాగి, ఫార్మాలిన్ కలిసినవి చెరువుకు పోయే కాలువలో అసలే పోయొద్దు. రాగి నీళ్లను రెండు రోజులు బొగ్గు ఫిల్టర్‌తో తిప్పాకే పారబోయాలి.

షాపుల వాళ్లకు మా విన్నపం. చేప వచ్చిన తేదీని తొట్టి అద్దం మీద మార్కర్‌తో రాయండి. నీళ్లలో రాగి ఎంత ఉందో, సాంద్రత ఎంతో అడిగినవాళ్లకు చెప్పండి. వచ్చిన రోజే అమ్మకుండా వారం ఆపి, కొనేవాళ్ల ముందు తిండి వేసి చూపించండి. మీరే ముప్పై రోజులు ఉంచి అమ్మితే, ఆ తిండికీ ఉప్పుకూ కరెంటుకూ అయిన ఖర్చు ధరలో కలపడం న్యాయమే. కొనేవాళ్లం బేరమాడకుండా ఇవ్వాలి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ నీమో చేపలను మన దేశంలోనే తొట్లలో పిల్లలు చేయించింది. అలా తొట్టిలో పుట్టిన చేపలు దొరికిన చోట వాటినే తెప్పించండి, వాటికి రోగమూ తక్కువ, గుళికలు తినడమూ వచ్చు.

మామునూరు పశువైద్య కళాశాల వారికి కూడా ఒక మాట. చేప చర్మం మీది జిగురును గాజు పలక మీద గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే తెల్లమచ్చా, వెల్వెట్టా, బ్రూక్లినెల్లానా, ఫ్లూకులా అన్నది ఐదు నిమిషాల్లో తేలుతుంది. ఒక్కోదానికి మందు వేరు కాబట్టి ఈ పరీక్ష లేక ఊహ మీద మందులు వేసి జనం చేపలను పోగొట్టుకుంటున్నారు. వారానికి ఒక పూట, రుసుము పెట్టి అయినా, ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల వాళ్లకు ఈ పరీక్ష అందుబాటులోకి తేవాలని కోరుతున్నాం.

ఇట్లు,
సముద్రపు చేపల పెంపకందారులు,
హన్మకొండ